జపాన్ కత్తి, కడప వంటిల్లు

ప్రశ్న: “మాది కడప. ఇంట్లో ఆరుగురం ఉంటాం. మోకాళ్ళ నొప్పుల వల్ల కింద కూర్చుని కత్తిపీటతో కోయడం నాకు ఇక చేతకావడం లేదు. నగోయాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ జపాన్ కత్తి ఒకటి తెస్తానంటున్నాడు. రోజూ కూరగాయలు, ఆకుకూరలు కోస్తాం. ఆదివారం కోడికూరో మటనో ఉంటుంది. నేనూ కోడలూ ఇద్దరమూ వాడతాం, తనది ఎడమచేతి వాటం. వంటగట్టు నాపబండది, నీళ్ళు బోరువి. అన్నిటికీ ఒకే కత్తి సరిపోవాలి, పదేళ్ళైనా మన్నాలి. కార్బన్ ఉక్కుదే అసలైన జపాన్ కత్తి అని ఒకరు, అలల గీతలుండే డమాస్కస్ కత్తి మేలని ఇంకొకరు చెప్తున్నారు. మా అబ్బాయిని ఏది తెమ్మనమంటారు?” – కడప నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

మీ అబ్బాయికి చెప్పవలసిన మాట ముందు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. సాంతొకు అనే రకం కత్తి, అలుగు పొడవు 170 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉన్నది, రెండు వైపులా సమానంగా సాన పట్టినది, తుప్పును తట్టుకునే ఉక్కుతో చేసినది, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 61 మధ్య ఉన్నది, పిడికి రివెట్లు బిగించినది, పైన నగిషీలేవీ లేనిది తెమ్మనండి. దానితోపాటు 1000 నంబరు సానరాయి ఒకటి తప్పనిసరిగా తెమ్మనండి. ఇంతవరకు మీరు కోరినట్టే జరుగుతుంది గాని, అన్నిటికీ ఒకే కత్తి అన్న షరతును మాత్రం మీరు సడలించుకోవాలి. మటన్ ఎముకలు, ఎండుకొబ్బరి, టెంక ఉన్న మామిడికాయ కూడా ఆ కత్తికే అప్పగిస్తే, ఎంత ఖరీదు పెట్టి తెచ్చినా అది తొలి ఊరగాయల కాలం దాటడం కష్టం.

కత్తి మన్నాలంటే ఉక్కు గట్టిగా ఉండాలని మనకు సహజంగానే తోస్తుంది. జపాన్ కత్తి విషయంలో ఈ ఆలోచనే ఎక్కువమందిని దారి తప్పిస్తుంది. మన బజారులో దొరికే మామూలు స్టీలు కత్తి అలుగు మెత్తనిది. ఎముక తగిలితే దాని అంచు కొద్దిగా ఒరుగుతుంది. ఊరగాయ జాడీ అడుగున మెరుగు లేని చోట నాలుగుసార్లు రుద్దితే మళ్ళీ దారికి వస్తుంది. యూరప్ కత్తుల్లో విరివిగా వాడే ఉక్కులో కార్బన్ అర శాతం దగ్గర ఉండి, గట్టిదనం 54 నుంచి 58 దాకా వస్తుంది. జపాన్ కత్తుల్లో ఎక్కువగా కనిపించే విజి-10 అనే ఉక్కులో కార్బన్ 1 శాతం, క్రోమియం 15 శాతం దాకా ఉండి, గట్టిదనం 60కి చేరుతుంది. అంత గట్టిది కాబట్టే దాని అంచును ఒక్కో వైపు 15 డిగ్రీల సన్నని కోణానికి అరగదీయగలుగుతారు, ఆ సన్నదనం ఎక్కువ కాలం నిలుస్తుంది, పండిన టమాటా మీద ఆనించగానే తొక్క తెగుతుంది. కానీ గట్టిదనంతోపాటే పెళుసుదనమూ వస్తుంది. పచ్చి వేపపుల్ల వంగుతుంది, ఎండినది ఫట్టున విరుగుతుంది. మెత్తని ఉక్కుకూ గట్టి ఉక్కుకూ తేడా అటువంటిదే. ఎముక మీద వేటు పడినా, కోస్తూ కోస్తూ కత్తిని పక్కకు మెలి తిప్పినా, జపాన్ కత్తి అంచు ఒరగదు, చిన్న చిన్న పెచ్చులుగా ఊడిపోతుంది. ఊడిన పెచ్చును జాడీ అడుగున రుద్ది సరిచేయడం కుదరదు. అంచు మొత్తాన్ని ఆ లోతు దాకా అరగదీయవలసి వస్తుంది.

కాబట్టి మీ ఇంటికి కావలసినది అన్నిటికంటే గట్టి ఉక్కు కాదు, ఇద్దరు మనుషులు రోజూ వాడుతున్నప్పుడు దొర్లే చిన్న చిన్న పొరపాట్లను ఓర్చుకునే ఉక్కు. 63, 64 గట్టిదనం గల, లోహాన్ని పొడిగా చేసి అదిమి తీసిన ఉక్కులతో చేసిన కత్తులు జపాన్ దుకాణాల్లో మెరుస్తూ కనిపిస్తాయి, మీ అబ్బాయికి అవే ముందు నచ్చవచ్చు కూడా. అవి ఒకే మనిషి చేతిలో, మెత్తని కోత పలక మీద, రోజంతా ఒకే పని చేసే వృత్తి వంటవారికి తగినవి. ఇంటి వంటకు 60 చాలు. 58 అయితే నేను ఇంకా సంతోషిస్తాను.

కత్తిపీటను పాత ఇనుము వారికి వేయకండి. ఎండుకొబ్బరి చిప్పలు, ఊరగాయకు టెంకతో సహా కొట్టే మామిడికాయలు, పెద్ద గుమ్మడికాయ మొదటి వేటు, ఇవన్నీ కత్తిపీటకో బరువైన కమ్మరి కత్తికో చెందిన పనులు. మీరు కింద కూర్చోలేకపోతే ఆ కాసేపు ఇంట్లో ఇంకెవరైనా కూర్చుంటారు; ఏడాదిలో అటువంటి రోజులు ఎన్నో ఉండవు. బెల్లం దిమ్మను ఏ కత్తితోనూ కొట్టవద్దు, దానికి రోకలి ఉంది. మటన్‌ను దుకాణంలోనే చింతమొద్దు మీద మీకు కావలసిన సైజులో కొట్టించుకోండి. కోడిని ఇంట్లో విడగొట్టే అలవాటుంటే కీళ్ళ దగ్గర మెత్తటి చోటు చూసి కోయవచ్చు, ఎముకను మాత్రం ముట్టుకోకూడదు. నాటుకోడి ఎముక బ్రాయిలర్ ఎముక కంటే గట్టిది కనుక దాన్ని కూడా దుకాణంలో కొట్టించడమే మేలు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసం కూడా ఎముకతో సమానమే, పూర్తిగా కరిగిన తర్వాతే కోయాలి. ఎముక లేని మాంసం, చేపల కండ, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, అల్లం, తెల్లగడ్డలు అన్నిటికీ ఈ ఒక్క కత్తి చాలు. మీరు ఏడాది పొడుగునా కోసేవాటిలో చాలా భాగం ఇవే కదా.

ఇక ఆకారం సంగతి. జపాన్‌లో ఇళ్ళ వంటకు చెప్పుకోదగ్గవి మూడు. నకిరి అనేది పూర్తిగా కూరగాయల కత్తి. దాని అంచు తిన్నగా, మొన లేకుండా చదరంగా ఉంటుంది. గోంగూర, కొత్తిమీర, ముల్లంగి కోయడానికి దానికి మించినది లేదు గాని, మొన లేదు కాబట్టి కోడి కండ నుంచి కొవ్వు తీయడానికి అవస్థ పడాలి. గ్యూతో అనేది జపాన్‌లో గొడ్డుమాంసం తినడం వ్యాపించిన మెయిజీ కాలంలో (1868–1912) పాశ్చాత్య కత్తి నమూనాగా పుట్టినది. సాధారణంగా 210 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటుంది. పొడవైన చెయ్యి, విశాలమైన గట్టు ఉన్నవారికి అన్నిటికంటే పనికొచ్చేది అదేనని నా అభిప్రాయం. సాంతొకు ఈ రెండింటి మధ్యది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాంసం, చేప, కూరగాయలు మూడూ వండే మామూలు ఇళ్ళలో అది స్థిరపడింది. అంచు దాదాపు తిన్నగా, మొన కాస్త కిందికి వాలి, అలుగు వెడల్పుగా 45 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి కోసిన ఎర్రగడ్డలను దాని మీదికి ఎత్తుకుని బాణలిలో వేయవచ్చు. బరువు 150 నుంచి 200 గ్రాముల మధ్య ఉంటుంది. ఇప్పటిదాకా కత్తిపీటకు అలవాటైన చేతికి పొడవైన కత్తి మొదట్లో భయం పుట్టిస్తుంది. అందుకే మీకు సాంతొకు చెప్తున్నాను. మీ అబ్బాయి వంట చేసేవాడై, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తనే కోసేవాడై ఉంటే 210 గ్యూతో చెప్పేవాడిని.

మీ కోడలు ఎడమచేతి వాటమన్న సంగతి మీరు రాయడం చాలా మంచిదైంది, దుకాణంలో ఎవరూ అడగరు. జపాన్ సంప్రదాయ కత్తుల్లో చాలావాటికి ఒక వైపే సాన ఉంటుంది, రెండో వైపు చదునుగా, మధ్యలో కొద్దిగా పల్లంగా ఉంటుంది. చేపలు కొట్టే దేబా, పచ్చి చేపను పలచగా కోసే యనగిబా అటువంటివే. అవి కుడిచేతి వారికి చేసినవి. ఎడమచేతితో పట్టుకుంటే కోత తిన్నగా దిగక పక్కకు జారుతుంది. రెండు వైపులా సాన ఉన్న కత్తుల్లో కూడా కొన్నింటికి కుడి వైపు 70 వంతు, ఎడమ వైపు 30 వంతుగా అంచు తీస్తారు. కుడిచేతికి అది హాయిగానే ఉంటుంది గాని, ఎడమచేతికి రోజూ కొంచెం ఇబ్బంది పెడుతుంది. అందుకని “ర్యోబా”, అంటే రెండు వైపులా సాన ఉన్నది కావాలని, అదీ రెండు వైపులా సగం సగం తీసినది కావాలని మీ అబ్బాయి స్పష్టంగా అడగాలి. పిడి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: సంప్రదాయపు చెక్క పిళ్ళలో ఒక పక్క గట్టు దేలి ఉండేవి కుడిచేతి వేళ్ళకు అనువుగా చేసినవి. గుండ్రటివి, ఎనిమిది పలకలవి, రివెట్ల పిళ్ళు ఇద్దరికీ పనికొస్తాయి.

కార్బన్ ఉక్కు గురించి మీకు చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. షిమానె ప్రాంతంలోని యసుగిలో తయారయ్యే తెల్ల కాగితం, నీలి కాగితం అనే పేర్ల కార్బన్ ఉక్కులకు జపాన్ కమ్మరులు ఇచ్చే విలువ న్యాయమైనదే. సానరాయి మీద అంత తొందరగా, అంత నున్నగా పదునెక్కే ఉక్కు మరొకటి దొరకదు. అయినా మీ వంటింటికి దాన్ని నేను సిఫారసు చేయను. క్రోమియం దాదాపుగా లేని ఉక్కు మన చింతపండు, నిమ్మకాయ, పుల్ల మామిడి తగిలిన నిమిషాల్లో రంగు మారుతుంది. వంకాయ, అరటికాయలలోని వగరు పదార్థం ఇనుముతో కలిసినప్పుడు నల్లబడుతుంది. గుత్తివంకాయకు కోసిన కాయల అంచులు నల్లగా కనిపించడం ఆ ఉక్కుతో ఇంకా ఎక్కువవుతుంది. ఎర్రగడ్డలు తరిగితే తొలి నెలల్లో ముక్కలకు ఇనుప వాసన కూడా అంటుతుంది. ప్రతి కాయకూ మధ్య గుడ్డతో తుడిచే ఓపిక ఉన్నవారికి అది గొప్ప కత్తి. ఆరుగురికి సంగటి కెలుకుతూ, పక్కన పప్పుకు పోపు వేస్తూ, మధ్యలో తలుపు కొట్టినవారికి సమాధానం చెప్పే ఇల్లాలికి అది అదనపు చాకిరీ.

తుప్పు పట్టని ఉక్కు అన్నంత మాత్రాన తుప్పు ఎన్నటికీ రాదని కూడా అనుకోకండి. ఉక్కులో క్రోమియం తగినంత ఉంటే దాని మీద కంటికి కనపడని సన్నని పొర ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. ఉప్పు ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. మన సీమ బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ కాబట్టి, తడి కత్తిని సింకులో గిన్నెల మధ్య రాత్రంతా వదిలేస్తే కొన్నాళ్ళకు సూది మొనంత గుంటలు పడతాయి, అవి మళ్ళీ పోవు. పని అయిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో పిడి మొదలు దాకా తుడిచి పెట్టడం ఒక్కటి ఇంట్లో ఇద్దరికీ అలవాటు కావాలి. గిన్నెలు తోమే ఇనుప పీచు అలుగుకు అవసరం లేదు.

డమాస్కస్ అలల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇప్పటి జపాన్ కత్తుల మీద కనిపించేవి మధ్యనున్న గట్టి ఉక్కుకు రెండు పక్కలా అతికించిన మెత్తని పొరల గీతలు. కోసేది మధ్యనున్న ఉక్కే, అలలు కోతకు ఏమీ చేయవు. నాలుగుసార్లు సాన పట్టాక వాటి మీద గీరలు పడి అందం పోతుంది. ఒకప్పుడు డమాస్కస్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఖడ్గాల ఉక్కు మాత్రం వేరు. అది నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం వంటి చోట్ల మూసల్లో కరిగించి తీసిన ఉక్కుతో ముడిపడినది. ఆ గౌరవం ఈ గీతలకు చెందదు. పైగా మామూలు స్టీలు మీద యంత్రంతో గీతలు చెక్కి, జపాన్ అక్షరాలు ముద్రించి అమ్మే కత్తులు ఆన్‌లైన్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి. ఉక్కు పేరు, గట్టిదనం, తయారైన ఊరు, ఈ మూడూ రాయని కత్తిని ఎంత తగ్గింపు ధర పెట్టినా కొనవద్దు.

పిడికి రివెట్లు ఉండాలని మొదట్లోనే ఎందుకన్నానంటే, జపాన్ సంప్రదాయ పిడిలో అలుగు తోకను తేలికపాటి చెక్కలోకి దిగ్గొట్టి, ముందు భాగాన బర్రెకొమ్ము కట్టు బిగిస్తారు. పట్టుకోవడానికి అది చాలా హాయిగా ఉంటుంది. కానీ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన పొడిగాలికి చెక్క కుంచించుకుని, కొమ్ముకూ చెక్కకూ మధ్య సందు పడే అవకాశం ఉంది. ఆ సందులోకి దిగిన నీళ్ళు లోపలి తోకను తుప్పు పట్టిస్తాయి. బంక పట్టించిన చెక్కతో చేసి మూడు రివెట్లు కొట్టిన పిడికి ఆ బెడద తక్కువ.

ఇప్పుడు మీ నాపబండ గట్టు దగ్గరికి వద్దాం. మన ఇళ్ళలో కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ పరవని వంటగట్లు తక్కువ. వాటి మీద నేరుగా కోయడం చాలామందికి అలవాటు, ఎందుకంటే మామూలు కత్తికి అంతగా తేడా తెలియదు. జపాన్ కత్తికి మాత్రం ఏ రాయి తగిలినా, గాజు పలక తగిలినా, స్టీలు పళ్ళెం తగిలినా పదును ఒక్క పూటలో పోతుంది. గ్రానైట్ మరీ ప్రమాదం. మీకు చెక్క పలక కావాలి, అదీ చిన్న ముక్క కాదు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉంటే ఇద్దరికీ సౌకర్యంగా ఉంటుంది. వెదురు పలకలు చవకగా, అందంగా ఉన్నా అంచును త్వరగా మొద్దుబారుస్తాయి. వాటిలో ఇసుకను పోలిన పదార్థం, అతికించడానికి వాడిన గట్టి జిగురు రెండూ ఉంటాయి. టేకులో కూడా ఆ ఇసుక గుణం కొంత ఉంది. వేప చెక్క అయితే బాగుంటుంది. తెలిసిన వడ్రంగి చేత బాగా ఆరిన చెక్కతో చేయించుకోగలిగితే కొన్నదానికంటే మంచిదే వస్తుంది. మెత్తని తెల్ల ప్లాస్టిక్ పలక కూడా తప్పేమీ కాదు, మాంసానికి విడిగా అది ఒకటి ఉంచుకోండి. నున్నటి బండ మీద పలక జారకుండా అడుగున తడిపి పిండిన గుడ్డ పరచండి.

కోసిన ముక్కలను పలక మీద నుంచి గిన్నెలోకి నెట్టడానికి కత్తి అంచుతో గీరడం మనందరికీ ఉన్న అలవాటు. కత్తిని తిరగేసి వెన్నుతో నెట్టండి. ఈ ఒక్క మార్పుతో సాన పట్టవలసిన అవసరం చాలా తగ్గుతుంది.

పదును పెట్టడం గురించి మీరు అడగలేదు, కానీ పదేళ్ళ మన్నిక అన్నారు కాబట్టి అసలు సంగతి ఇక్కడే ఉంది. వీధిలో సైకిలు చక్రం తొక్కుతూ సాన పట్టేవారి పని కత్తిపీటకు, కొడవలికి సరిగ్గా సరిపోతుంది. జపాన్ కత్తిని వారికి ఇవ్వకండి. కత్తి ఉక్కును గట్టిపరచిన తర్వాత చాలావరకు 150 నుంచి 200 డిగ్రీల దగ్గర మళ్ళీ వేడిచేసి కుదుటపరుస్తారు. పొడి చక్రం మీద నిప్పురవ్వలు రాలుతున్నప్పుడు సన్నని అంచు ఆ వేడిని క్షణంలో దాటిపోయి, అక్కడి గట్టిదనం చచ్చిపోతుంది. సందులో పెట్టి లాగే చిన్న పనిముట్లు, గీతల ఇనుప కడ్డీలు కూడా ఈ ఉక్కుకు పెచ్చులు లేపుతాయి.

నీళ్ళ సానరాయి నేర్చుకోవడం కష్టమైన విద్య కాదు. 1000 నంబరు రాతిని బుడగలు రావడం ఆగేదాకా నీళ్ళలో నానబెట్టాలి. కొన్ని రాళ్ళకు నానబెట్టే పని లేదు, పైన నీళ్ళు చల్లితే చాలు, దుకాణంలో అడిగి తెలుసుకోమనండి. రాతిని తడిగుడ్డ మీద కదలకుండా పెట్టి, కత్తిని దాని మీద పడుకోబెట్టి, వెన్నును కొద్దిగా పైకెత్తండి. అలుగు వెడల్పు 45 మిల్లీమీటర్లు ఉన్న కత్తికి 15 డిగ్రీల కోణం రావాలంటే వెన్ను రాతి నుంచి సుమారు 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, అంటే దాదాపు మీ చిటికెన వేలు దూరేంత సందు. ఆ ఎత్తు మారకుండా, బలం పెట్టకుండా, మడమ నుంచి మొన దాకా ముందుకూ వెనక్కూ జరుపుతూ పోతే కాసేపటికి అంచు అవతలి వైపున సన్నని గరుకు పొర చేతికి తగులుతుంది. వేలిని అంచు వెంట కాకుండా వెన్ను వైపు నుంచి బయటికి తీస్తూ చూడాలి సుమా. ఆ గరుకు అంచు పొడవునా వచ్చాకే కత్తిని తిప్పి రెండో వైపు మొదలుపెట్టాలి. గరుకు రాకముందే తిప్పేయడం వల్లే చాలామందికి ఎంత రుద్దినా పదును రాదు. చివర రెండు వైపులా తేలికగా మార్చి మార్చి నాలుగుసార్లు లాగి, మడిచిన దినపత్రిక మీద వెన్ను ముందుగా తుడిచినట్టు లాగితే ఆ గరుకు రాలిపోతుంది. మీ ఇంటి వాడకానికి రెండు మూడు నెలలకు ఒకసారి చాలు. 3000 నంబరు రాయి ఉంటే ఇంకా నున్నగా వస్తుంది, లేకపోయినా వంటకు లోటు లేదు.

వాడగా వాడగా సానరాయి మధ్యలో గుంట పడుతుంది. అప్పుడు మీ నాపబండ అక్కరకు వస్తుంది: గట్టు మీద బాగా సమంగా ఉన్న చోట నీళ్ళలో తడిసే రకం ఎమరీ కాగితాన్ని పరచి, సానరాతిని దాని మీద బోర్లించి రుద్దితే మళ్ళీ చదునవుతుంది.

నిలబడి కోయడానికి మీ గట్టు ఎత్తు సరిపోవాలి. మోచేయి మడిచినప్పుడు పలక దానికి కాస్త కిందుగా ఉంటే భుజం నొప్పి రాదు. కత్తిపీటకు కాయను రెండు చేతులతో నెట్టిన అలవాటు పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు కాయను పట్టుకున్న చేతి వేళ్ళ కొసలు లోపలికి ముడిచి, కణుపులు ముందుకు ఉంచండి. అలుగు ఆ కణుపులను ఆనుకుని కదులుతుంది కాబట్టి వేలు తెగదు. కత్తిని పైనుంచి గట్టిగా నొక్కకుండా ముందుకు తోస్తూ దించాలి. ఈ సన్నని అంచుకు బలం అవసరం లేదు.

మీ అబ్బాయి ఉన్న నగోయాకు దగ్గరలోనే గిఫు ప్రాంతపు సెకి పట్టణం ఉంది. ఖడ్గాలు చేసిన ఊరు, నేడు జపాన్ వంటకత్తుల పెద్ద కేంద్రాల్లో ఒకటి. ఒసాకా దగ్గరి సకాయి ఊరి పేరు కూడా అతను వినే ఉంటాడు, కానీ అక్కడి ఖ్యాతి ముఖ్యంగా ఒకవైపు సాన ఉండే వృత్తి కత్తులది. పేర్లు చెప్పమంటే, నీగాతాలోని త్సుబమెలో చేసే టోజిరో వారి డీపీ వరస మీ అవసరానికి చాలా దగ్గరగా ఉంటుంది: మధ్యలో విజి-10, రెండు పక్కలా మెత్తని స్టెయిన్‌లెస్ పొరలు, రివెట్ల పిడి, ఆడంబరం లేని రూపం. సెకికి చెందిన కాయ్, మిసోనో సంస్థల మామూలు స్టెయిన్‌లెస్ కత్తులు కూడా మంచివే. మిసోనో వారివి చూస్తే అంచు రెండు వైపులా సమానంగా ఉందో లేదో కోడలి కోసం తప్పక అడగాలి. గ్లోబల్ అనే జపాన్ సంస్థ కత్తుల ఉక్కు కొంచెం మెత్తన, 56 నుంచి 58, పెచ్చులూడటం తక్కువ. పిడి కూడా ఉక్కుదే కాబట్టి ఊడే భయం లేదు గాని, నూనె చేతికి అది జారుతుందని కొందరికి అనిపిస్తుంది, కొనేముందు పట్టి చూడాలి.

ఒకవేళ ఇవన్నీ చదివాక, మా ఇంట్లో పలకా సానరాయీ అన్న నియమాలు నిలవవు, పిల్లలు దానితోనే కొబ్బరికాయ పీచు తీస్తారు అని మీకు అనిపిస్తే, మొహమాటపడకుండా జపాన్ కత్తి వద్దనండి. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వారి నల్ల పిడి వంటకత్తి మన దేశంలోనే దొరుకుతుంది. ఉక్కు మెత్తన కాబట్టి అంత సన్నగా కోయదు, త్వరగా మొద్దుబారుతుంది, కానీ మొరటు వాడకాన్ని ఓర్చుకుంటుంది, ఎవరైనా పదును పెట్టగలరు. డబ్బు పరిమితమైతే కత్తిలో ఒక మెట్టు దిగి, మిగిలినదాన్ని మంచి పలకకూ సానరాయికీ పెట్టడం నా దృష్టిలో తెలివైన పని.

మీ అబ్బాయి కత్తి కొన్నాక దాన్ని దుకాణం వారు కట్టిన పెట్టెలోనే, విప్పకుండా ఇంటికి తీసుకెళ్ళాలి. జపాన్ చట్టం ప్రకారం 6 సెంటీమీటర్లు మించిన అలుగును తగిన కారణం లేకుండా వెంట పెట్టుకు తిరగడం నేరం, కొన్న రశీదు దగ్గర ఉంచుకోవడం మంచిది. విమానంలో అది చేతి సంచిలో రాకూడదు. మొనకు అట్ట చుట్టి, బట్టల మధ్య పెట్టి, చెక్-ఇన్ సామానులోనే వేయమనండి. సానరాతిని కూడా అందులోనే, పగలకుండా తువ్వాలులో చుట్టి పెట్టమనండి.